కుర్చీ ఖాళీగా ఉండరాదు

నమోదు 1. రోహిణి కార్తె, సోమవారం. పైన 54 డిగ్రీలు, బాయిలో 31.

కుర్చీలో కూర్చున్నవాళ్లు షిఫ్టు దిగేముందు మిషన్లో ఒక నమోదు రాయాలని కమిటీ నియమం. పాతవన్నీ వెనక్కి తిప్పి చూశాను. ఇరవై రెండేళ్లుగా ప్రతి షిఫ్టుకీ ఒకటే మాట: "అంతా మంచిది." నాలుగో లెవల్లో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచిన రోజున కూడా "అంతా మంచిది" అనే ఉంది. కింద, నాతోపాటు ఈ కుర్చీలో కూర్చునే ఓదెలు కాకా పేరుంది. ఇవి ఎవరూ చదవరని దీన్నిబట్టి తేలింది. ఎవరూ చదవని చోట నిజం రాస్తే ఎవరికీ నొప్పి ఉండదు. అందుకని ఇవాళ్టి నుంచి నిజం రాస్తున్నాను.

నా పేరు సుగుణ. మా ఊరు కింది బాయి. ఒకప్పుడు ఇక్కడ బొగ్గు తవ్వారు. బొగ్గు అయిపోయింది గానీ పైన ఎండ అయిపోలేదు. ఏడాదిలో కొద్ది రోజులు తప్ప ఎప్పుడు పైన తిరిగినా మనిషి అప్పడమైపోతాడు కాబట్టి మా తాతల కాలంలోనే జనం సొరంగాల్లోకి కాపురం మార్చారు. గాలి పంకాలతో కిందికి వస్తుంది, ఊటనీళ్లు పంపులతో పైకి పోతాయి. పంకాలు ఆగితే ఉడికిపోతాం, పంపులు ఆగితే మునిగిపోతాం.

ఏ పంపు ఎప్పుడు నడవాలో, సైరన్ ఎప్పుడు మోగాలో కొండల మీది పెద్దాఫీసులో ఉన్న షెడ్యూలర్ చెబుతుంది. ఆ మాట విని ఇక్కడ పని చేయించేది మా లినక్స్ మిషన్లో ఉన్న ఏజెంటు అనే ప్రోగ్రాం. షెడ్యూలర్ అత్తగారనుకుంటే ఏజెంటు కోడలు. చిక్కేమిటంటే ఈ కోడల్ని ఎవరో ఒకరు తమ పేరుతో లాగిన్ అయి చేత్తో లేపాలి. లేపినవాళ్లు లాగౌట్ అయితే ఆమె కూడా పనంతా వదిలేసి పోతుంది. కాసేపు ఎవరూ ఏ మీటా నొక్కకపోతే మిషనే మనల్ని లాగౌట్ చేస్తుంది. కాబట్టి ఇరవై నాలుగు గంటలూ ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని ఉండాలి, అప్పుడప్పుడూ ఒక మీట నొక్కుతూ ఉండాలి.

ఒకసారి ఓదెలు కాకా కుర్చీలో సిమెంటు బస్తా పెట్టి తినడానికి వెళ్లాడు. బస్తాకి మీట నొక్కడం రాదు. నాలుగో లెవల్ మునిగింది. కమిటీ కూర్చుని, విచారించి, బస్తా మనిషి కాదని తీర్మానించి, గోడ మీద ఎర్రరంగుతో రాయించింది: "కుర్చీ ఖాళీగా ఉండరాదు." అప్పట్నుంచీ జనం మిషన్ని మరిచిపోయి కుర్చీని పట్టుకున్నారు. దసరాకి దానికి పసుపు రాసి బొట్టు పెడతారు. పెళ్లయిన కొత్త జంటలు వచ్చి మొక్కుతారు. నేను లేవకుండానే మొక్కుతారు కాబట్టి సగం మొక్కులు నాకే అందుతున్నాయి.

మొన్నటిదాకా ముగ్గురం ఉండేవాళ్లం. రాజేశం కొండలకి బదిలీ చేయించుకుని పోయాడు. ఇప్పుడు పగలంతా నేను, రాత్రంతా ఓదెలు కాకా. నా ఏడుపు అది కాదు. ఇంకొద్ది రోజుల్లో మిరుగు. మృగశిర కార్తె మొదలై తొలి వాన పడిన రోజు పైన నిలబడగలిగేటంత చల్లబడుతుంది. ఊరు ఊరంతా లిఫ్టెక్కి పైకి పోయి తడిసి వస్తుంది. కుర్చీకి అందరికన్నా చివర వచ్చినవాళ్లు ఆ రోజు కింద కూర్చోవాలని ఎనిమిదేళ్లుగా ఆచారం. ఆరేళ్ల క్రితం చివర వచ్చింది నేను. నా తర్వాత ఎవరూ రాలేదు.

నా కూతురు చిత్రకి ఆరేళ్లు. ప్రతి మిరుగుకీ వాళ్ల నాన్న సారంగంతో పైకి పోయి, టిఫిన్ డబ్బాలో ఆన, అదే వాన, పట్టి నాకు తెస్తుంది. నేను అందులో వేళ్లు ముంచి మొహానికి రాసుకుంటాను. పోయినేడు అది నన్ను చూస్తూ అడిగింది: "అమ్మా, నీకు ఆనంటే పడదా?" అది వెళ్లాక ఏడ్చాను. ఏడుస్తూనే మీట నొక్కాను.

ఈసారి నేను పైకి పోతాను.

నమోదు 2. రోహిణి, గురువారం. పైన 55.

మిషన్లోనే దాని పుస్తకం ఉంది. ఏదైనా పని పేరు కొట్టి అడిగితే పేజీలు పేజీలు చెబుతుంది. ఇరవై రెండేళ్లలో దాన్ని ఎవరూ అడిగినట్టు లేదు. కుర్చీలో కూర్చోవడమే పని అనుకున్నాక అడగడానికి ఏముంటుంది?

నేను అడిగాను. ఈ మిషన్లో ఎవరూ కూర్చోకుండా, ఎవరూ లాగిన్ కాకుండా నడిచే పనులు బోలెడు ఉన్నాయి. గడియారం సరిచూసేది ఒకటి, బయటి తీగతో మాట్లాడేది ఒకటి. వాటిని సర్వీసులంటారు. వాటికి కుర్చీలు లేవు, పసుపు బొట్లు లేవు. మిషనే వాటిని లేపుతుంది, మిషనే చూసుకుంటుంది, పడిపోతే మళ్లీ నిలబెడుతుంది. మన ఏజెంటుని కూడా అలా సర్వీసుగా పెట్టుకోవచ్చు. చిన్న ఫైలు ఒకటి రాయాలి. ఏ ప్రోగ్రాం నడపాలి, ఎవరి పేరు మీద నడపాలి, పడిపోతే ఏం చేయాలి, అంతే. పది పన్నెండు వరుసలు.

రాసిన తర్వాత రెండు ఆజ్ఞలు ఇవ్వాలని ఉంది. స్టార్ట్ అంటే ఇప్పుడు మొదలుపెట్టు అని. ఎనేబుల్ అంటే మిషన్ ఆగి మళ్లీ లేచినప్పుడల్లా దీన్ని కూడా లేపు అని. రెండోది చదివి నవ్వొచ్చింది. మా మిషన్ పడుకుంటే కదా లేవడానికి! ఇరవై రెండేళ్లుగా ఒక్కసారి ఆగలేదని కమిటీవాళ్లు ఏటా పులిహోర పంచుతారు. ఆ ఆజ్ఞ సంగతి అక్కడే వదిలేశాను.

ఓదెలు కాకా షిఫ్టుకి రాగానే చెప్పాను. కాకా పంపుల మెకానిక్కుగా మొదలై, నడుం పట్టేసి, కుర్చీకి వచ్చినవాడు.

"కాకా, ఎవ్వరు కూసోకున్నా ఏజెంటు నడుస్తది. సర్వీసు చేస్తే చాలు."

"ఎవ్వరు కూసోకున్నానా?" కాకా కుర్చీ చేతుల్ని తడిమాడు. "మరి నేనేడ కూసోవాలె?"

"ఇంట్ల కూసో."

"ఇంట్ల మీ కాకి ఉంటది బిడ్డా," అన్నాడు దిగులుగా. కాకి అంటే కాకా భార్య.

నమోదు 3. రోహిణి, శనివారం. పైన 55.

కమిటీ పెద్ద పోచమల్లు పెద్దబాపు దగ్గరికి వెళ్లాను. వరసకి మా నాన్న అన్న. మా ఊళ్లో పోచమల్లు కన్నా ముందు ఆయన మీసాలు వస్తాయి. రెండు బొగ్గు ముక్కలు మూతి మీద పెట్టుకున్నట్టుంటాయి. అంత నలుపు దేవుడిచ్చింది కాదని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఈ కుర్చీలో మొట్టమొదట కూర్చున్నది ఆయనే. పద్నాలుగేళ్లు కూర్చున్నాడు.

నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"అంటే కుర్చీ ఉత్తదేనా?" అన్నాడు.

"ఉత్తది కాదు పెద్దబాపు. అవసరం లేదు, అంతే."

"రెండు ఒక్కటే కద."

"మిరుగునాడు మా చిత్రతోని పైకి పోవాల్నని నా ఆశ. గంతే. ఇంకేం లేదు."

ఆయన మొహం కాస్త మెత్తబడింది, వెంటనే గట్టిపడింది. "నేను పద్నాలుగు మిరుగులు కిందనే ఉన్న. సచ్చిపోయిన్నా? పో, పోయి కుర్చీల కూసో. కాకి ఒక్కతే ఉంటది ఆడ."

కాకి ఒక్కతే ఉంటుందన్నది నిజమే. నేను వచ్చేటప్పుడు ఓదెలు కాకా భార్యని కుర్చీలో కూర్చోబెట్టి వచ్చాను. తిరిగొచ్చేసరికి ఆమె గురకపెడుతూ, అరచేయి మీటల మీద వాల్చి నిద్రపోతోంది. తెర మీద ఒకే అక్షరం పేజీలకి పేజీలు నిండింది. కానీ లాగౌట్ కాలేదు. ఈ పనికి కావలసిన చదువు ఎంతో నాకు ఆ క్షణంలో తెలిసొచ్చింది.

పెద్దబాపు వద్దన్నాడు. ఫైలు రాయవద్దని మాత్రం అనలేదు.

నమోదు 4. రోహిణి, సోమవారం. పైన 53.

రాశాను. నా పేరుతో నడిచే ఏజెంటుని ఆపి, సర్వీసు స్టార్ట్ చేశాను. తెర మీద పచ్చటి చుక్క వెలిగింది, పక్కన "నడుస్తోంది" అని వచ్చింది. లేచి నిలబడ్డాను. కుర్చీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. ఆరేళ్లలో మొదటిసారి పని వేళలో నా నడుము నిటారుగా ఉంది.

పావుగంటకి ఊరంతా చెమట పట్టడం మొదలైంది.

ఏజెంటు నడుస్తూనే ఉంది. పెద్దాఫీసు "పంకా నడుపు" అంది. ఏజెంటు "సరే" అంది. కానీ పంకా నడిపే ప్రోగ్రాం ఎక్కడుందో దానికి తెలియదు. నేను లాగిన్ అయినప్పుడు ఏ సామాను ఏ అరలో ఉందో నా లాగిన్ చెప్పేది. సర్వీసుకి నా లాగిన్ లేదు. కొత్త కోడలు వంటింట్లోకి వచ్చి ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియక నిలబడిపోయినట్టు నిలబడిపోయింది. అడగడానికి సిగ్గుపడింది కూడా. తప్పులన్నీ ఎవరూ చూడని లాగ్ అనే తన నమోదుల పుస్తకంలో రాసుకుంది. మా వంశమే.

గబగబా పాత పద్ధతికి మార్చేశాను. ఈలోగా జనం తడి తువ్వాళ్లు నెత్తిన వేసుకుని కుర్చీ గది ముందుకి వచ్చారు.

"ఏమైంది సుగుణా?"

"లేసి నిలవడ్డ," అన్నాను. అబద్ధం కాదు.

"సూసినవా! లేస్తే పంకలు బందైతయ్!" అని వాళ్లే ఒకరికొకరు చెప్పుకుంటూ వెళ్లిపోయారు. కుర్చీ పరపతి ఇవాళ నా చేతుల మీదుగా ఇంకో మెట్టు ఎక్కింది. తల కొట్టుకోవాలనిపించింది.

నమోదు 5. రోహిణి, బుధవారం. పైన 51. పడమర మబ్బు కనబడిందట.

ఏ అరలో ఏముందో వరసగా ఫైల్లో రాసిచ్చాను. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా సర్వీసే నడిపింది. పంకా తిరిగింది, పంపు నడిచింది, నేను నిలబడ్డాను, కూర్చున్నాను, పళ్లు తోముకున్నాను. సాయంత్రం సర్వీసు మీదే వదిలేసి, కాకాకి అంతా వివరంగా చెప్పి ఇంటికి పోయాను. కాకా అన్నిటికీ తల ఊపాడు.

తల ఊపడం వేరు, చేతులు వేరు. మా షిఫ్టు మార్పిడికి ఒక పద్ధతుంది. బాధ్యత పేరు మీద ఉంటుంది కాబట్టి, దిగేవాళ్ల ఏజెంటు ఆగకముందే ఎక్కేవాళ్లు మస్టర్లో హాజరు పలికినట్టు పేరు చెప్పి, తమ లాగిన్‌లో తమ ఏజెంటుని లేపాలి. ఆ తర్వాతే దిగేవాళ్లు తమది ఆపాలి. కాకా ఇన్నేళ్లుగా చేస్తున్నదే చేశాడు. "ఓదెలు, హాజర్" అన్నాడు, తన ఏజెంటుని లేపాడు. సర్వీసుని ఆపేవాళ్లెవరూ లేరు, నేను ఇంట్లో అన్నం తింటున్నాను. ఇద్దరు ఏజెంట్లు ఒకే బాయి పేరుతో పెద్దాఫీసుకి హాజరు పలికారు. పెద్దాఫీసు ఇద్దరికీ పని చెప్పింది.

మొదట షిఫ్టు సైరన్. ఒక్కసారి మోగితే షిఫ్టు. రెండుసార్లు మోగితే ప్రమాదం, ఉన్నవాళ్లు ఉన్నట్టు లిఫ్టు దగ్గరికి పరుగెత్తాలి. రెండుసార్లు మోగింది. ఊరు ఊరంతా బనియన్లతో, సబ్బు నురగతో, చేతిలో అన్నం ముద్దతో వచ్చి నిలబడింది. అందరిలోనూ ముందు వచ్చింది పోచమల్లు పెద్దబాపు. ఎడమ మీసం బొగ్గులా నల్లగా ఉంది. కుడి మీసం పాలలా తెల్లగా ఉంది. రంగు బ్రష్షు ఇంకా చేతిలోనే ఉంది. ఎవరూ నవ్వలేదు. అంతమంది ఒకేసారి ఊపిరి బిగబట్టడం నేను చూడటం ఇదే మొదటిసారి.

తర్వాత పంపు వంతు. మా పంపు ఆజ్ఞ పాతకాలపుది: ఆగి ఉంటే నడుపు, నడుస్తుంటే ఆపు. ఒక ఏజెంటు నడిపింది, రెండో ఏజెంటు ఆపింది. ఇద్దరూ పని పూర్తయిందని పెద్దాఫీసుకి రిపోర్టు ఇచ్చారు. నాలుగో లెవల్లో పుట్టగొడుగులు పెంచే పెట్టెలు పడవల్లా తేలుతూ మా గడప దాకా వచ్చాయి. చిత్ర చప్పట్లు కొట్టింది.

పరుగెత్తి వెళ్లి ఒకదాన్ని ఆపాను. కాకా మొహం చూస్తే జాలేసింది.

"అలవాటు బిడ్డా. చెయ్యి నా మాట ఇనలే."

కాకాని మార్చడం కన్నా మిషన్ని మార్చడం తేలిక. సర్వీసు నడుస్తుండగా ఎవరైనా చేత్తో లేపబోతే తెర మీద ఇలా వచ్చేట్టు రాశాను: "ఏజెంటు నడుస్తనే ఉన్నది కాకా. పోయి పండుకో."

నమోదు 6. రోహిణి ఆఖరి రోజు. పైన 47. గాలి మారింది.

కమిటీ నన్ను పిలిపించింది. తొమ్మిదిమంది, మధ్యలో పెద్దబాపు. మీసాలు రెండూ ఇప్పుడు ఒకే రంగు.

"కుర్చీతోని ఆటలాడుతున్నవట," అన్నాడు.

నేను వాదించలేదు. అందర్నీ కుర్చీ గదికి తీసుకొచ్చి తెర ముందు నిలబెట్టాను. పంపు చప్పుడు వినబడుతోంది. "ఇగో, ఏజెంటుని సంపుతున్న," అని చెప్పి ఆ ప్రోగ్రాంని చంపేశాను. పచ్చచుక్క ఆరిపోయింది. కమిటీలో ఒకాయన గోడ పట్టుకున్నాడు. ఎవరో "అయ్యో" అన్నారు. అయ్యో అన్నవాళ్లు నోరు మూసేలోపే చుక్క మళ్లీ వెలిగింది. పడిపోతే మళ్లీ లేపమని ఫైల్లో రాశాను కదా.

మళ్లీ చంపాను. మళ్లీ లేచింది. ఈసారి గోడ పట్టుకున్నాయన గోడ వదిలేసి "ఇంకోపాలి సంపు" అన్నాడు. పిల్లల్లా తలా ఒకసారి చంపించుకున్నారు. పెద్దబాపు ఒక్కడే చంపలేదు. చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు.

"సంపితే లేస్తున్నది, మంచిదే. మిషనే బందైతే?"

"మిషన్ ఎన్నడు బందైంది పెద్దబాపు?"

ఆ మాటకి ఆయన ఛాతీ పొంగింది. "నా పద్నాలుగేండ్లల్ల ఒక్కనాడు కాలే."

"ఒక్కసారి బంద్ చేసి సూద్దామా మరి?" అని మనస్ఫూర్తిగానే అడిగాను.

తొమ్మిది నోళ్లూ ఒకేసారి లేచాయి. ఇరవై రెండేళ్ల రికార్డట. పులిహోర సంగతేమిటట. సరే, వద్దులెమ్మన్నాను. నిజం చెప్పాలంటే నాకూ ఆ రికార్డు మీద కాస్త మమకారం ఉంది.

చివరికి తీర్మానం: మిరుగు ఒక్కరోజు సుగుణ పైకి పోవచ్చు. కుర్చీలో ఎవరూ కూర్చోనక్కర్లేదు. నీళ్లు వస్తే మాత్రం సుగుణ జీవితాంతం కుర్చీలో ఒంటరిగా కూర్చోవాలి.

"ఒప్పుకుంటున్నవా?" అన్నాడు పెద్దబాపు.

ఒప్పుకున్నాను. చిత్రకి చెబితే నమ్మలేదు. టిఫిన్ డబ్బా కడిగి పెట్టుకుంది, "ఎందుకైనా మంచిది" అంటూ.

నమోదు 7. మిరుగు మర్నాడు. పైన 33.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న పొద్దున మిరుగు ఆనవాయితీ ప్రకారం ఇంగువ, బెల్లం ముద్ద నోట్లో వేసుకుని, చిత్ర చేయి పట్టుకుని లిఫ్టెక్కాను. బాయి మూతి దగ్గర తలుపు తీయగానే వాసన కొట్టింది. ఆ వాసన డబ్బాలో పట్టి తేవడానికి వీలుకానిది. అందుకే ఆరేళ్లలో ఒక్కసారీ నా దాకా రాలేదు. మబ్బు పట్టి మొగులంతా నల్లగా దిగి ఉంది. మొదటి చినుకు నా ముక్కు మీదే పడిందని చిత్ర అందరికీ చెప్పింది. తర్వాత ఇక చినుకులు కాదు. మేమిద్దరం నోళ్లు తెరుచుకుని ఆకాశం కింద నిలబడ్డాం. చిత్ర మట్టిలో కూర్చుని ఎర్రటి ఆరుద్ర పురుగుని పట్టి నా అరచేతిలో పెట్టింది. "ముట్టుకో అమ్మా, మెత్తగుంటది." ముట్టుకున్నాను. మెత్తగా ఉంది. నేను ఏడుస్తున్నానో తడుస్తున్నానో ఎవరికీ తెలియని రోజది. రెండూ చేశాను.

అప్పుడు గొట్టం చూశాను. బాయి నీళ్లు పైకొచ్చి కాలువలో పడే లావుపాటి గొట్టం. ధారగా పడాల్సిన నీళ్లు సన్నబడ్డాయి, చుక్కలయ్యాయి, ఆగిపోయాయి.

జనం తడుస్తూనే ఉన్నారు. ఓదెలు కాకా, కాకి చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. సారంగం ఎవరి మీదో నీళ్లు చల్లుతున్నాడు. అందరూ ఉన్నారు. పోచమల్లు పెద్దబాపు లేడు.

చిత్రని సారంగానికి అప్పగించి లిఫ్టు దగ్గరికి పరుగెత్తాను. తొలివానకి బాయిలో ఊట ఎప్పటికన్నా ఎక్కువ. నాలుగో లెవల్లో నలభై ఇళ్లు, అందులో మాదొకటి.

కుర్చీ గదిలో పెద్దబాపు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెర మీద పేరు అడిగే గీత మినుకుమినుకుమంటోంది. ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుని తన పేరు కొడుతున్నాడు.

"మిషన్ బందైందా పెద్దబాపు?"

"బంద్ కాలే. నేనే చేసిన." తల తిప్పలేదు. "స్విచ్చు గుంజి మల్ల వేసిన. నువ్వు సంపితే లేసింది కద. నేను సంపితే లేస్తదా, లేవదా? నా పద్నాలుగేండ్లు ఊకెనే పోయినయా, పనికొచ్చినయా, తెలువద్దా నాకు?"

"లేవలేదా?"

"మిషన్ లేసింది. ఏజెంటు లేవలే. ఎన్కటి లెక్క నేనే లేపుదామని కూసున్న." తెర వైపు వేలు చూపించాడు. "పేరు కొడితే నేనెవ్వరో తెల్వదంటున్నది బిడ్డా."

పాత లాగిన్లని ఎప్పుడో తీసేశారు. ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

నేను నిలబడే నా పేరుతో లాగిన్ అయ్యాను. సర్వీసు స్థితి అడిగాను. "ఆగి ఉంది" అని చెప్పింది. పక్కనే చిన్న అక్షరాల్లో "ఎనేబుల్ కాలేదు" అని ఉంది. నవ్వి వదిలేసిన ఆ రెండో ఆజ్ఞ. మా మిషన్ పడుకుంటే కదా అన్నాను. పడుకోని మిషన్ని చూసి చూసి, లేవడం అనేది ఒకటుంటుందని ఊరంతా మరిచిపోయాం. అందరికన్నా తెలివైనదాన్నని మురిసిపోతున్న నేను కూడా మరిచిపోయాను.

"తప్పు నాదే పెద్దబాపు. ఒక మాట చెప్పాలె దానికి. చెప్పలే."

ఎనేబుల్ చేశాను, స్టార్ట్ చేశాను. నేల కింద పంపు గుర్రుమంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

పెద్దబాపు కుర్చీలోంచి లేచి స్విచ్చుబోర్డు దగ్గరికి నడిచాడు.

"మల్ల గుంజుత," అన్నాడు.

"వద్దు పెద్దబాపు! నాలుగో లెవల్ల నీళ్లు గడపలు దాటినయ్!"

"దాటనియ్. ఇప్పుడు సూడకుంటే ఇగ ఎన్నడు సూడం." నా వైపు చూశాడు. "కుర్చీల కూసోకు. ఈడికొచ్చి నిలవడు."

నాకూ చూడాలనే ఉంది. అదే నిజం. వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన స్విచ్చు లాగాడు. తెర చచ్చిపోయింది, పంపు చచ్చిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు స్పష్టంగా వినబడింది. ఆయన మళ్లీ స్విచ్చు వేశాడు.

తెర మీద వరసలు పరుగెత్తాయి. గడియారం లేచింది. బయటి తీగ లేచింది. పేరు అడిగే గీత వచ్చి ఆగింది. మేమిద్దరం కదల్లేదు. ఎవరూ పేరు చెప్పలేదు, ఎవరూ హాజరు పలకలేదు, కుర్చీ ఖాళీగా ఉంది. పంపు కదల్లేదు. నేను పెద్దబాపు చొక్కా అంచు పట్టుకున్నాను. నాకు ముప్పై ఏళ్లు దాటాయని ఆ సమయంలో గుర్తులేదు.

పంపు గుర్రుమంది.

ఆయన చాలాసేపు ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు.

"నన్ను అడగనే లేదు," అన్నాడు చివరికి.

తర్వాత, తెర వైపే చూస్తూ అడిగాడు: "గీ సర్వీసు అన్నది కొత్తగొచ్చిందా బిడ్డా? నేను కూసున్న దినాలల్ల గూడ ఉన్నదా, మిషన్ల?"

లేదని చెప్పొచ్చు. మొన్నే వచ్చిందని చెబితే పెద్దాయన హాయిగా పడుకునేవాడు. అబద్ధం నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆయన స్విచ్చు లాగింది నిజం కోసమే కదా.

"ఉన్నది పెద్దబాపు. మొదట్నుంచి ఉన్నది."

ఆయన తల ఊపాడు.

"మీ పెద్దమ్మ గూడ గిన్నెల ఆన తెచ్చేది. ఏటేటా. దాని మీద మూత పెట్టి, చీర కొంగు కప్పి తెచ్చేది, సల్లారిపోతదన్నట్టు. 'ఒక్కపాలి పైకి రారాదు' అనేది. కుర్చీ ఎవ్వలు సూస్తరని కసురుకునేటోణ్ణి." మొహం అరచేత్తో తుడుచుకున్నాడు. "అది పోయి ఆరేండ్లాయె. నేను కుర్చీ దిగి ఎనిమిదేండ్లాయె. దిగినంక గూడ పైకి పోలే. కుర్చీని ఇడిసి పోవుడు తప్పని ఊరికి చెప్పినోణ్ణి, నేనెట్ల పోవాలె?"

"ఆన పడుతనే ఉన్నది పెద్దబాపు. పోదాం రా," అన్నాను.

తలుపు దాకా వచ్చి ఆగాడు. వెనక్కి తిరిగి కుర్చీని చూశాడు. చేతులు అరిగి, పసుపు పట్టి, సీటు మధ్యలో ఇరవై రెండేళ్ల గుంట పడిన కుర్చీ.

"దాన్ని గూడ పట్టు," అన్నాడు. "ఒక్కతే ఏం జేస్తది ఈడ?"

చెరో చేయి పట్టుకుని లిఫ్టులోకి ఎక్కించాం. మేం పైకొచ్చేసరికి గొట్టం ధారగా పోస్తోంది. కుర్చీని చూసి జనం పక్కకి జరిగారు. ఓదెలు కాకా గుండ్రంగా తిరగడం ఆపి, అలవాటుకొద్దీ వచ్చి కూర్చోబోయాడు.

"కూసోకు," అన్నాడు పెద్దబాపు. "తడవనియ్ దాన్ని."

తర్వాత తను వెళ్లి వాన మధ్యలో నిలబడ్డాడు. మీసాల్లోంచి నలుపు రెండు కాలువలై గడ్డం మీదుగా చొక్కా మీదికి కారింది. చిత్ర చూసి పగలబడి నవ్వింది. అది నవ్వాక ఊరంతా నవ్వింది, ఆ సైరన్ రోజున బిగబట్టిన నవ్వుతో కలిపి. ఆయన కూడా నవ్వాడు. చిత్ర టిఫిన్ డబ్బా నిండా వాన పట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన దాని మీద మూత పెట్టి, గుండెకి ఆనించుకుని చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.

నాలుగో లెవల్లో నీళ్లు సాయంత్రానికి తగ్గాయి. మా చాపలు పాడయ్యాయి. ఒప్పందం ప్రకారం నీళ్లు వచ్చాయి కాబట్టి నేను జీవితాంతం ఒంటరిగా కూర్చోవాలి. కమిటీలో ఒకాయన ఆ మాట ఎత్తాడు. పెద్దబాపు "దేంట్ల కూసోవాలె?" అని అడిగాడు. కుర్చీ అప్పటికింకా నీళ్లోడుతోంది.

ఇవాళ పొద్దున పెద్దబాపు ఈ గదికి వచ్చి, నా తెర చాలాసేపు చూసి వెళ్లాడు. పోతూ పోతూ అన్నాడు: "నమోదులు మంచిగ రాస్తున్నవ్. నా మీసాల సంగతి గూడ మంచిగ రాసినవ్." ఎవరూ చదవరనుకున్న నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గోడ మీది ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. కుర్చీ కిందికి తిరిగి వచ్చింది గానీ, సీటు ఇంకా ఆరలేదు. ఈ నమోదు నిలబడే రాశాను.

అంతా మంచిది.